రిమోట్ స్టార్ట్ గురించి అడిగావు కదా, చెప్తా విను

అబ్బీ,

హైబ్రిడ్ కారు, అంటే పెట్రోల్ ఇంజన్‌తో పాటు బ్యాటరీతో నడిచే మోటార్ కూడా ఉన్నది, కొన్నారని మీ అమ్మ చెప్పింది, చాలా సంతోషం. అక్కడి చలిలో రిమోట్ స్టార్ట్, అంటే కారు ఎక్కకముందే దూరం నుంచి ఆన్ చేయడం, వాడొచ్చా అని నువ్వు అడిగినదానికి ఫోన్లో రెండు ముక్కల్లో చెప్తే సగం మర్చిపోతావని రాస్తున్నా. నేను అమెరికాలో మిన్నియాపోలిస్ వదిలి అనంతపురం వచ్చేసి చాన్నాళ్ళయింది గానీ ఆ చలిలో కారు నడిపిన సంగతులన్నీ గుర్తున్నాయి.

రిమోట్ స్టార్ట్ వాడుకో, తప్పేం లేదు. ఇక్కడ మనోళ్ళు మే నెల ఎండలో ఏసీ కోసం ఫోన్ నుంచే ఇంజన్ ఆన్ చేసుకుంటున్నారు, మన పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో తయారయ్యే కియా కార్లలో కొన్నింటికి ఆ సదుపాయం ఉంది. నీకు అక్కడ హీటర్ కోసం కావాలి. అయితే ఇంజన్ బాగుండాలని దాన్ని గంటసేపు ఆన్ చేసి పెట్టాల్సిన పని లేదు. ముందద్దం మీద మంచు కరగడానికి, పాప చలికి వణక్కుండా ఉండడానికి వాడు, చాలు. దానికి 5 నుంచి 10 నిమిషాలు ఎక్కువే.

మనవైపు లారీలవాళ్ళు పొద్దున్నే బండి స్టార్ట్ చేసి టీ తాగొచ్చేదాకా అలాగే వదిలేయడం చూసి పెరిగావు కాబట్టి చెప్తున్నా. కార్బ్యురేటర్‌తో (పెట్రోల్‌ని గాలితో కలిపే పాత పరికరం) నడిచే పాత కార్లకి ఆ అవసరం ఉండేది. ఇప్పటి పెట్రోల్ ఇంజన్ అర నిమిషం ఆగి మెల్లగా కదిలిస్తే, నిలబెట్టి ఉంచినప్పటికంటే రోడ్డు మీదే తొందరగా వేడెక్కుతుంది. పైగా హైబ్రిడ్ కొన్నదే మైలేజీ కోసం. అమెరికా ప్రభుత్వ లెక్కల ప్రకారం 25 డిగ్రీల వాతావరణంతో పోలిస్తే మైనస్ 7లో ఊళ్ళో చిన్న చిన్న దూరాలు తిరిగితే మామూలు పెట్రోల్ కారు మైలేజీ దాదాపు 15 శాతం పడిపోతుంది, హైబ్రిడ్‌కి 30 నుంచి 34 శాతం. జనవరిలో మైలేజీ తగ్గిందని బ్యాటరీ పోయిందేమోనని టెన్షన్ పడకు, చలి పోతే అదే సర్దుకుంటుంది.

అంత ఎందుకు పడిపోతుందంటే, నీ కారులాంటి ఫుల్ హైబ్రిడ్‌లో (ఛార్జర్‌కి పెట్టే పని లేని హైబ్రిడ్) హీటర్‌కి వేడి ముఖ్యంగా ఇంజన్ కూలెంట్ (ఇంజన్ చుట్టూ తిరిగే ద్రవం) నుంచే రావాలి. కదలకుండా నిలబడి ఉన్నా సరే, వేడి కావాలంటే ఇంజన్ తిరగాల్సిందే. రిమోట్ నొక్కగానే కారు రెడీ అవుతుంది, కూలెంట్ చల్లగా ఉంటే ఇంజన్ తనే ఆన్ అవుతుంది, కాస్త వేడెక్కాక ఆగుతుంది, హీటర్ ఆ వేడిని లాగేశాక మళ్ళీ అందుకుంటుంది. నువ్వు కిటికీలోంచి చూసేసరికి చప్పుడు లేదంటే రిమోట్ పని చేయలేదని అర్థం కాదు. మళ్ళీ మళ్ళీ నొక్కకు, కొన్ని కార్లలో అలా నొక్కితే ఆఫ్ అయిపోతుంది. సీటు హీటర్, స్టీరింగ్ హీటర్ ఉంటే మాత్రం బాగా వాడుకో, లోపలి గాలినంతా వేడి చేయడం కంటే వాటికి ఖర్చయ్యేది చాలా తక్కువ.

ఇప్పుడు అసలు మాట. మీ గ్యారేజీ ఇంటికి ఆనుకునే ఉందని కోడలు చెప్పింది. గ్యారేజీలో ఉన్న కారుని రిమోట్‌తో ఎప్పుడూ స్టార్ట్ చేయొద్దు, షట్టర్ పూర్తిగా తెరిచి ఉన్నా సరే చేయొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు, తలుపు సందుల్లోంచి ఇంట్లోకి వచ్చేస్తుంది. మామూలు కారైతే చప్పుడుకి తెలుస్తుంది. హైబ్రిడ్ ఇంజన్ ఆగి ఉన్నప్పుడు ఆఫ్ చేశామనే అనుకుంటాం, మనం లోపలికి వెళ్ళిన పది నిమిషాలకి అదే ఆన్ అవుతుంది. ఇలా కారు ఆఫ్ చేశామనుకుని ఇంట్లోకి వెళ్ళి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు అమెరికాలో ఉన్నారు. అందుకే దిగేటప్పుడు డాష్‌బోర్డు మీద కారు ఆన్‌లో ఉందని చెప్పే రెడీ లైటు ఆరిందో లేదో కంటితో చూడు. కీ కూడా పాప చేతికి అందేలా పెట్టకు, బటన్ నొక్కితే చాలు కారు ఆన్ అవుతుంది.

బయట పెట్టినా ఒక జాగ్రత్త ఉంది. రాత్రి మంచు గట్టిగా పడితే వెనక సైలెన్సర్ గొట్టం మునిగిపోతుంది. అలాంటి పొద్దున వంటింట్లోంచి రిమోట్ నొక్కకు. ముందు బూట్లు వేసుకుని బయటికెళ్ళి పారతో గొట్టం చుట్టూ మంచు తీసెయ్, ఆ తర్వాతే స్టార్ట్ చెయ్. మళ్ళీ తోసిన మంచు గొట్టం వైపే కుప్ప పడకుండా చూసుకో.

రాత్రి కారు దిగేముందే కొంచెం సర్దిపెట్టుకుంటే పొద్దున సుఖం. చాలా కార్లు ఆఫ్ చేసినప్పుడున్న సెట్టింగ్‌తోనే రిమోట్‌లో మొదలవుతాయి, కాబట్టి గాలి ముందద్దం మీదికి తిప్పి, 22 డిగ్రీలు పెట్టి దిగు. వైపర్లు ఆఫ్‌లో ఉన్నాయో లేదో చూడు. ఆన్‌లో వదిలేస్తే అవి అద్దానికి గడ్డకట్టుకుపోతాయి, పొద్దున స్టార్ట్ కాగానే వైపర్ మోటార్ లాగి లాగి కాలిపోవచ్చు. అద్దం కరగడం లేదని కెటిల్‌లో వేడినీళ్ళు తెచ్చి పోసేవు, పగులుతుంది. హీటర్ గాలికి అంచులు వదులైతే గీకుడు పలకతో ఊరికే వచ్చేస్తుంది. పైకప్పు మీది మంచు కూడా దులిపెయ్, బ్రేకు వేస్తే మొత్తం అద్దం మీదికి జారుతుంది.

పాప సంగతి మర్చిపోకు. లావుపాటి జాకెట్ మీద కారు సీటు బెల్టు బిగిస్తే బిగుతుగా ఉన్నట్టే కనిపిస్తుంది గానీ గుద్దుకున్నప్పుడు జాకెట్ నలిగి బెల్టు వదులైపోతుంది. కారు లోపల ముందే వెచ్చగా ఉంటే జాకెట్ విప్పి బెల్టు పెట్టి పైన దుప్పటి కప్పొచ్చు. నాకు రిమోట్ స్టార్ట్ నచ్చిందే అందుకు.

పెట్టించడం మాటకొస్తే, కంపెనీ యాప్‌లో ఉంటే అదే వాడు, లేదంటే ఆ కంపెనీ డీలర్ దగ్గరే పెట్టించు. చాలా ఫుల్ హైబ్రిడ్‌లలో మామూలు స్టార్టర్ మోటార్ ఉండదు, అన్నీ కంప్యూటర్ చేతిలో ఉంటాయి, ఎవరో వైర్లు కోసి అతికిస్తే ఆ తలనొప్పి నీకే, వారంటీ గొడవ అదనం. నారింజ రంగు వైర్ల జోలికి తెలియని మెకానిక్‌ని అస్సలు పోనివ్వకు, వాటిలో హైవోల్టేజ్ కరెంట్ ఉంటుంది. ఇంకొకటి, లోపలి చిన్న 12 వోల్టుల బ్యాటరీ చచ్చిపోతే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా కారు రెడీ అవదు. చలికి ముందే దాన్ని చెక్ చేయించు, డిసెంబర్‌లో మీరు ఇక్కడికొస్తే రెండు మూడు వారాలు కారు ఊరికే పడి ఉంటుంది కదా, ఒక జంప్ స్టార్టర్ (చచ్చిన బ్యాటరీకి ఊపిచ్చే చేతి బ్యాటరీ) కొని ఇంట్లో పెట్టుకో.

ఇంకా పని మిగిలింది ఒకటే. పడకగదుల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందో లేదో ఈ రాత్రే చూడు, ఉంటే బటన్ నొక్కి మోగుతుందో లేదో పరీక్షించు, లేకపోతే రేపే కొను. పెట్టాక నాకు మెసేజ్ పెట్టు.

మీ పెదనాన్న
అనంతపురం