కౌన్సెలర్‌కే నిద్ర పట్టడం లేదు

ప్రశ్న: మాది అనంతపురం. పెళ్లయ్యాక బెంగళూరు వచ్చి మారతహళ్లిలో కౌన్సెలర్‌గా చేస్తున్నాను. రోజుకు ఏడుగురిని వెంటవెంటనే చూస్తాను. వచ్చేవాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లే. రాత్రి 11 దాటినా వాట్సాప్‌లో మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి. పడుకుంటే వాళ్ల మాటలే గుర్తొస్తాయి. ‘ఇంట్లో మాత్రం నోరు విప్పవు’ అని మావారు అలుగుతున్నారు. ఈ వృత్తికి నేను పనికిరానా?

జవాబు: మీ ఉత్తరంలో మాకు ముందు కనిపించింది ‘వెంటవెంటనే’ అన్న మాట. గంట సెషన్‌ను 50 నిమిషాలకు ఆపమనేది ఆ మిగిలిన 10 నిమిషాల కోసమే. మీ దగ్గరికి వచ్చినామె ఏం చెప్పింది, మీరేం చేశారు, వచ్చేసారి ఎక్కడ మొదలుపెట్టాలి, ఇవి నాలుగు వాక్యాల్లో రాసేయండి. రాయకపోతే మరిచిపోతానేమోనని మనసు దాన్ని పట్టుకునే ఉంటుంది, రాత్రి తిరిగేది అదే. తర్వాత లేచి నీళ్లు తాగండి, ఫోన్ ముట్టుకోవద్దు. ఇలా చేస్తే ఏడుగురు కుదరరు. ఐదుగురితో ఆపండి. రాబడి తగ్గుతుంది, నిజమే.

ఇక వినే పద్ధతి. ‘ఆమె స్థానంలో నేనుంటే’ అనుకుంటూ వింటే వాళ్ల అత్తగారి మాటలు మీకే గుచ్చుకుంటాయి. ‘ఇది ఆమెకు ఎలా ఉంది’ అని వినాలి. ఎదుటివారి లోకాన్ని మనదే అన్నట్టు గ్రహించాలి గానీ ఆ ‘అన్నట్టు’ను మాత్రం జారవిడుచుకోకూడదని 1957లోనే అమెరికన్ మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ రాశారు. ‘ఎంత చేసినా ఆ ఇంట్లో పరాయిదాన్నే’ అందనుకోండి. ‘మీ ఆయనతో మాట్లాడి చూడండి’ అనడం తొందరపాటు. ‘అంత చేశాక కూడా మా మనిషి అనలేదే అని బాధ’ అని ఆమె మాటను ఆమెకే అందించి, ఆరేడు సెకన్లు ఊరుకోండి. మనవాళ్లు ‘ఏం చెయ్యమంటారో చెప్పండి మేడం’ అంటూనే వస్తారు. వెంటనే పెద్దక్క అవతారం ఎత్తారా, ఆ సలహా బెడిసికొట్టిన వారం దోషి మీరే.

పనికి వేరే నంబరు పెట్టుకోండి. ‘మెసేజ్‌లు సాయంత్రం 6 వరకే చూస్తాను, అవీ అపాయింట్‌మెంట్ కోసమే’ అని వచ్చే సెషన్ మొదట్లోనే చెప్పండి. రాత్రిపూట ఆపద అనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది. ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. చనిపోవాలనిపిస్తోందన్నవారి సంగతి వేరు. ఆ సెషన్‌లోనే సూటిగా అడగాలి, ఇంట్లో ఒకరికి తెలియజేయాలి, సైకియాట్రిస్టు దగ్గరికి పంపాలి. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో అత్యవసర విభాగం రాత్రీ పగలూ ఉంటుంది.

మీ వారికి కేసుల సంగతి పేర్లు మార్చి కూడా చెప్పొద్దు. మారతహళ్లి తెలుగువాళ్లలో ఎవరో ఇట్టే తెలిసిపోతుంది. ‘ఇవాళ బరువుగా ఉంది, అరగంట ఆగి మాట్లాడుకుందాం’ అంటే చాలు. ఆ అరగంట తర్వాత మాత్రం తప్పకుండా మాట్లాడండి. కేసు గురించి మాట్లాడాల్సింది సూపర్‌వైజర్‌తో, అంటే మీ పనిని గమనించి దారి చూపే సీనియర్ కౌన్సెలర్‌తో, రెండు వారాలకోసారి గంటసేపు. ఎవరి పేరు చూస్తే విసుగొస్తోందో, ఎవరు రాకపోతే హమ్మయ్య అనిపిస్తోందో అక్కడ దాచకండి. ఇవన్నీ చేశాక కూడా నెలరోజుల్లో నిద్ర కుదుటపడకపోతే మీరూ ఒక కౌన్సెలర్ దగ్గర కూర్చోండి, కానీ ఆ మనిషి మీ సూపర్‌వైజర్ కాకూడదు.