ఏపుగా ఉంటే చాలదు, తవ్వి తూచాలి

ప్రశ్న: నేను కూకట్‌పల్లిలో ఉంటాను సార్. ఊళ్లో, ఆర్మూర్ దగ్గర, నాన్న రెండెకరాల్లో పసుపు వేస్తారు. ఎత్తుగా పెరిగిన మొక్కలకు గుర్తు పెట్టి, వాటి దుంపే విత్తనానికి ఆపుదాం అన్నాను. ‘ఆకును చూసి దుంప చెప్పలేవురా’ అని కొట్టిపారేశారు. ఎవరిది కరెక్టు?

జవాబు: ఇద్దరి మాటలోనూ నిజముంది, కానీ నేను మీ నాన్నగారి వైపే. కొత్త రకాల కోసం పనిచేసే శాస్త్రవేత్తలు మొక్క ఎత్తు, ఆకుల సంఖ్య, ఆకు పొడవు, వెడల్పు, పిలకలు అన్నీ కొలుస్తారు, చాలా పరీక్షల్లో ఇవి బాగున్నచోట దిగుబడీ బాగానే వచ్చింది. ఆకు చేసిన పిండిపదార్థమే కదా దిగి దుంపలో చేరేది! చిక్కల్లా ఎత్తుతోనే. మీ వైపు పసుపులో మొక్కజొన్న కలిపి వేస్తారు, ఆ నీడలో పడిన మొక్క వెలుగు కోసం సాగుతుంది, గట్టు పక్కదానికి చోటెక్కువ, యూరియా గుప్పెడు ఎక్కువ పడినచోట ఆకు నల్లగా నిగనిగలాడుతుంది. ఇదంతా చోటు వల్ల వచ్చిందే, దుంపతో పాటు వచ్చే ఏడాదికి రాదు.

అసలు గుణమైతే మాత్రం వస్తుంది. పసుపులో 63 క్రోమోజోములు, అవి జతలుగా కాకుండా మూడు వరుసలుగా ఉంటాయి, అందుకే గింజ కట్టడం అరుదు. దుంపతోనే సాగు, కాబట్టి మంచి మొక్క దొరికితే దాని పిల్లలూ అదే గుణంతో ఉంటాయి. అరుదుగా దొరికిన గింజల మొలకల నుంచే కోళికోడ్‌లోని సుగంధ ద్రవ్యాల పరిశోధన సంస్థ ప్రభ, ప్రతిభ రకాలు తీసింది.

మీరు చేయాల్సింది ఇది. చేను మధ్యలో, ఒకే తీరు నేలలో, పిలకలు ఎక్కువున్న ఓ 30 మొక్కలకు రిబ్బన్ కట్టండి. తవ్వేటప్పుడు మట్టీ వేర్లూ దులిపి, ఒక్కో మొక్క కొమ్ములు (వేళ్లలా పక్కలకు పెరిగేవి) వేరే, మండ (మధ్యలోని తల్లి దుంప) వేరే తూచండి. కొమ్ములు ఎన్ని, ఎంత లావు అన్నది ఆకు కంటే ఎంతో నమ్మదగిన గుర్తు. తర్వాత ప్రతి దాంట్లోంచి 100 గ్రాములు పల్చగా తరిగి, బాగా ఎండబెట్టి మళ్లీ తూచాలి, దీన్ని ఎవరూ పట్టించుకోరని నా బాధ. 600 గ్రాముల మొక్కలో 16 శాతమే మిగిలితే 96 గ్రాములు, 500 గ్రాముల దాంట్లో 22 శాతం మిగిలితే 110. మార్కెట్లో అమ్మేది ఎండినదే కదా.

దుంపకుళ్లు కనిపించిన మొక్క ఎంత బాగున్నా విత్తనానికి వద్దు. సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు గ్రాములు చూపించే చిన్న కాటా ఒకటి పట్టుకెళ్లండి, తూకం నాన్నగారి చేతే వేయించండి.