మాత్రల సీసాతో గిటార్‌ని పాడించినవాడు

పోయిన నెల స్లైడ్ గిటార్ (తీగల మీద గాజు గొట్టమో లోహపు గొట్టమో జారుస్తూ వాయించే పద్ధతి) గురించి రాస్తూ డ్యూయేన్ ఆల్‌మన్ పేరు ఎత్తాను. 1971లో, 24 ఏళ్లకే మోటార్‌సైకిల్ ప్రమాదంలో పోయిన అమెరికన్ గిటారిస్టు అని ఒక్క లైన్ రాసి ముందుకెళ్లిపోయాను. పాఠకులు వదల్లేదు. వచ్చిన ప్రశ్నల్లో ఒకేలాంటివి కలిపేసి, ఈసారి పేజీ మొత్తం అతనికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: ఈయన ఆల్‌మన్ బ్రదర్స్ బ్యాండ్‌లో వాయించింది రెండున్నరేళ్లే కదండీ. అంత కొద్ది కాలానికి ఇంత పేరేంటి? అసలు సదరన్ రాక్ అంటే ఏంటి? (విజయవాడ)

జవాబు: రెండోది ముందు చెప్తాను, చిన్నది కాబట్టి. అమెరికా దక్షిణాది కుర్రాళ్లు, అంటే జార్జియా, ఫ్లోరిడా, అలబామా, టెనెసీ వైపు వాళ్లు, నల్లజాతి కళాకారుల బ్లూస్‌నీ సోల్‌నీ, తాము పుట్టినప్పటి నుంచీ వింటున్న కంట్రీ పాటల్నీ కలిపి ఎలక్ట్రిక్ గిటార్ల మీద గట్టిగా వాయించిన సంగీతం. లినర్డ్ స్కినర్డ్ లాంటి బ్యాండ్లు తర్వాత దానికి బాగా పేరు తెచ్చాయి గానీ దారి వేసింది మాత్రం ఆల్‌మన్ సోదరులే.

ఇక డ్యూయేన్. 1946 నవంబరు 20న నాష్‌విల్‌లో పుట్టాడు. అతనికి మూడేళ్లప్పుడు తండ్రి హత్యకు గురయ్యాడు, తల్లే అకౌంట్స్ చదువుకుని ఇద్దరు కొడుకుల్నీ పెంచుకొచ్చింది, తర్వాత ఫ్లోరిడాలోని డేటోనా బీచ్‌కి మారారు. గిటార్ ముందు కొనుక్కున్నది తమ్ముడు గ్రెగ్, అన్నగారికి మోటార్‌సైకిల్ పిచ్చి. ఆ బండిని తుక్కుతుక్కు చేసి, మిగిలిన సామాను ఇచ్చేసి దానికి బదులు గిటార్ తెచ్చుకున్నాడు. బడి మానేసి రోజంతా అదే పని. అన్నదమ్ములిద్దరూ లాస్ ఏంజెలిస్ వెళ్లి అవర్ గ్లాస్ అనే పేరుతో రెండు ఆల్బమ్‌లు చేశారు, కంపెనీవాళ్లు చెప్పినట్టు పాడాల్సి రావడంతో విసిగిపోయి డ్యూయేన్ వెనక్కి వచ్చేశాడు.

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. అలబామాలో మజిల్ షోల్స్ అని చిన్న ఊరు, అక్కడ రిక్ హాల్ అనే ఆయన ఫేమ్ స్టూడియో నడిపేవాడు, నల్లజాతి గాయకుల పెద్ద పెద్ద హిట్లు అక్కడే రికార్డయ్యేవి. 1968 నవంబరులో సోల్ గాయకుడు విల్సన్ పికెట్ పాడటానికి వచ్చాడు, గిటార్ వాయించడానికి డ్యూయేన్ ఉన్నాడు. హాల్ తర్వాత చెప్పిన కథ ప్రకారం, మధ్యాహ్నం అందరూ భోజనానికి ఊళ్లోకి వెళ్తే పికెట్, డ్యూయేన్ ఇద్దరే మిగిలారు. నల్ల గాయకుడూ పొడుగు జుట్టు హిప్పీ కుర్రాడూ కలిసి హోటల్లో అడుగుపెడితే అందరి చూపులూ తమ మీదే ఉంటాయని వీళ్లకి తెలుసు. ఆ ఖాళీలో డ్యూయేన్ ఒక ఐడియా ఇచ్చాడు: బీటిల్స్ ‘హే జూడ్’ పాడదాం అని. ఆ పాట అప్పటికింకా చార్టుల్లో ఉంది, వాళ్లతో పోటీ ఏంటి, పిచ్చా అనుకున్నారు. కానీ పాడారు. చివరి ఒకటిన్నర నిమిషం వినండి. పికెట్ గొంతు చించుకుని అరుస్తుంటే గిటార్ దాని మీద పడి కొట్టుకోదు, గొంతు ఆగిన చోట అందుకుంటుంది, గొంతు లేవగానే పక్కకు తప్పుకుంటుంది, మళ్లీ అందుకుంటుంది. ఇంగ్లండ్ గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ ఇది విని ఆ వాయించినవాడెవడు అని ఆరా తీశాడు.

నన్నడిగితే అతని పేరు నిలిచింది అందుకే. స్పీడు చాలామందికి ఉంది. పక్కవాడు ఏం చెప్తున్నాడో విని దానికి జవాబిచ్చే చెవి అంతమందికి లేదు. తర్వాత అరీథా ఫ్రాంక్లిన్‌కీ, బాజ్ స్కాగ్స్‌కీ, సాక్సఫోన్ విద్వాంసుడు కింగ్ కర్టిస్‌కీ వాయించినప్పుడూ అదే తీరు. 2003లో రోలింగ్ స్టోన్ పత్రిక గిటారిస్టుల జాబితాలో హెండ్రిక్స్ తర్వాత రెండో స్థానం ఇచ్చింది, 2011లో వేసిన జాబితాలో తొమ్మిదికి దించింది. మధ్యలో అతనేమీ చెడగొట్టలేదు పాపం, చనిపోయి అప్పటికే నలభై ఏళ్లు! ఈ ర్యాంకుల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు.

ప్రశ్న: మాత్రల సీసాతో వాయించేవాడట, నిజమేనా? నేను గిటార్ నేర్చుకుంటున్నాను, స్లైడ్ ఎలా మొదలుపెట్టాలి? (హైదరాబాద్)

జవాబు: నిజమే. గ్రెగ్ చాలాసార్లు చెప్పిన సంగతే ఇది. డ్యూయేన్ గుర్రం మీంచి పడి మోచెయ్యి దెబ్బ తగిలించుకున్నాడు, తప్పు నీదేనని తమ్ముడితో మాట్లాడటం మానేశాడు. పుట్టినరోజు నాడు గ్రెగ్ గుమ్మం దగ్గర రెండు వస్తువులు పెట్టి వెళ్లాడు: తాజ్ మహల్ అనే బ్లూస్ గాయకుడి కొత్త ఆల్బమ్ (అవును, అతను పెట్టుకున్న పేరే అది), జలుబు చేసింది కదా అని ఒక కొరిసిడిన్ మాత్రల సీసా. కాసేపటికి ఫోన్, వెంటనే రమ్మని. వెళ్లేసరికి మాత్రలన్నీ బల్ల మీద ఉన్నాయి, సీసా కడిగి లేబుల్ ఊడదీసి వేలికి తొడుక్కున్నాడు, ఆ ఆల్బమ్‌లోని ‘స్టేట్స్‌బరో బ్లూస్’ వాయించేస్తున్నాడు. ఆ పాట బ్లైండ్ విల్లీ మెక్‌టెల్ అనే జార్జియా గాయకుడు 1928లో రికార్డు చేసింది. తర్వాత డ్యూయేన్ బ్యాండ్‌కి అదే పెద్ద గుర్తింపు పాట అయింది. ఇప్పుడు ఆ సైజు ఖాళీ సీసాలనే గిటార్ షాపుల్లో స్లైడ్ అని అమ్ముతున్నారు.

మీ సంగతికొస్తే, అతను సీసా ఉంగరం వేలికి పెట్టుకునేవాడు. తీగను నొక్కకూడదు, ఆనించాలంతే, అదీ ఫ్రెట్ మధ్యలో కాదు, సరిగ్గా ఆ లోహపు కమ్మీ పైన. వెనక ఉన్న వేళ్లు తీగల మీద మెత్తగా ఆనించి ఉంచకపోతే గరగరమని చప్పుడొస్తుంది, మొదట్లో అందరికీ వస్తుంది, టెన్షన్ పడకండి. కుడిచేత్తో పిక్ వాడేవాడు కాదు, వేళ్లతోనే మీటేవాడు. ట్యూనింగ్ ఎక్కువగా ఓపెన్ ఇ, అంటే ఆరు తీగలూ కింది స్థాయి నుంచి స ప స గ ప స అని శ్రుతి చేసుకోవడం, గాంధారం అంతర గాంధారం. ఇక్కడో చిన్న కిటుకు ఉంది. బ్లూస్‌కి కావాల్సిన గాంధారం సాధారణానికీ అంతరానికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది, ఫ్రెట్ల మీద ఆ స్థానం దొరకదు, సీసాతో దొరుకుతుంది. ఎక్కడ ఆపాలో చెవే చెప్పాలి.

ప్రశ్న: మీరు చెప్పాక విన్నాను. నా చెవికి గోటువాద్యంలా అనిపించింది. వీళ్లకి మన సంగీతంతో ఏమైనా సంబంధం ఉందా? (రాజమండ్రి)

జవాబు: మీ చెవి మంచిదే. గోటువాద్యం మీద కూడా కొయ్యముక్కో గాజుముక్కో జార్చడమే కాబట్టి గమకం పలికే తీరులో ఆ పోలిక వస్తుంది. కానీ డ్యూయేన్ మన సంగీతం నేర్చుకోలేదు. దారి వేరే వైపు నుంచి ఉంది. బ్యాండ్‌లో ఇద్దరు డ్రమ్మర్లు, వాళ్లలో జైమో నల్లజాతివాడు (1969లో జార్జియాలో తెల్లవాళ్లూ నల్లవాళ్లూ కలిసి ఒకే బ్యాండ్‌లో ఊరూరా తిరగడం ఇప్పుడు మనకు అనిపించినంత మామూలు సంగతి కాదు). ఈ జైమోనే అందరికీ జాజ్ విద్వాంసులు మైల్స్ డేవిస్‌నీ జాన్ కోల్ట్రేన్‌నీ వినిపించాడు. ఒక్క స్వరాల వరుసనే పట్టుకుని పావుగంట సేపు విస్తరించుకుంటూ పోవచ్చని వాళ్ల దగ్గర డ్యూయేన్ గ్రహించాడు. ఆ కోల్ట్రేన్‌కి రవిశంకర్ అంటే ఎంత ఇష్టమంటే కొడుక్కి రవి అని పేరు పెట్టుకున్నాడు.

మీరు ‘ఇన్ మెమరీ ఆఫ్ ఎలిజబెత్ రీడ్’ వినండి, రెండో గిటారిస్టు డికీ బెట్స్ చేసింది. సోలోల్లో స్వరాలు దాదాపు మన ఖరహరప్రియవే. రాగం అనను, ఆ సంచారాలు వేరు. ‘విప్పింగ్ పోస్ట్’ మొదలు కూడా చూడండి, 3, 3, 3, 2 చొప్పున 11 దెబ్బలు, చేత్తో తాళం వేసుకుంటే సరదాగా ఉంటుంది. నేరుగా సంబంధం మాత్రం తర్వాతి తరంలో కుదిరింది. ఇంకో డ్రమ్మర్ బుచ్ ట్రక్స్ సోదరుడి కొడుకు డెరెక్ ట్రక్స్ అలీ అక్బర్ ఖాన్ సరోద్ విని స్లైడ్‌లోకి తెచ్చాడు, ఇరవై ఏళ్లకే ఇదే బ్యాండ్‌లో చేరి డ్యూయేన్ నిలబడిన చోట నిలబడ్డాడు.

ప్రశ్న: ‘లైలా’ క్లాప్టన్ పాట కదా, ఈయనకేంటి సంబంధం? ఆ లైలా మన లైలా మజ్నూ లైలానేనా? (వరంగల్)

జవాబు: ఆ లైలానే. స్నేహితుడి భార్య మీద మనసు పడ్డ క్లాప్టన్‌కి పర్షియన్ కవి నిజామీ కథ తన కథలాగే అనిపించింది. 1970 ఆగస్టులో మయామిలో క్రైటీరియా స్టూడియోలో డెరెక్ అండ్ ద డామినోస్ పేరుతో రికార్డింగ్ చేస్తూ, ఊళ్లో ఆల్‌మన్ బ్రదర్స్ కచేరీ ఉందని తెలిసి వెళ్లాడు. తర్వాత ఇద్దరూ స్టూడియోకొచ్చి రాత్రంతా వాయించుకున్నారు, ఇక డ్యూయేన్ ఆ ఆల్బమ్‌లో చాలా పాటలకి ఉండిపోయాడు. ‘లైలా’లో అందరికీ తెలిసిన ఆ మొదటి ముక్క, ఆ ఏడు స్వరాలు, డ్యూయేన్ తెచ్చినవే: ఆల్బర్ట్ కింగ్ నిదానంగా పాడిన ఒక బ్లూస్ లైన్‌ని స్పీడు పెంచి మార్చాడు. చిట్టచివర పిట్ట కూత వినిపిస్తుంది చూడండి, అదీ సీసానే, ఫ్రెట్లన్నీ అయిపోయాక ఇంకా పైకి జరిపితే వచ్చిన చప్పుడు. ఆ రోజుల్లో వాడిన 1957 నాటి గోల్డ్‌టాప్ లెస్ పాల్ గిటార్ 2019లో వేలంలో 12.5 లక్షల డాలర్లకు పోయింది. కొన్నాయన వాయిస్తున్నాడో బీరువాలో పెట్టాడో!

ప్రశ్న: పీచ్ పళ్ల లారీని గుద్ది చనిపోయాడని, అందుకే తర్వాతి ఆల్బమ్‌కి ‘ఈట్ ఎ పీచ్’ అని పెట్టారని ఒక వీడియోలో చెప్పారు. (తిరుపతి)

జవాబు: శుద్ధ తప్పు. 1971 అక్టోబరు 29న జార్జియాలోని మేకన్‌లో, అడ్డంగా తిరిగిన ఒక ట్రక్కు దగ్గర బండి అదుపు తప్పింది. దాని మీద ఉన్నది క్రేన్, పళ్లు కావు. జార్జియా వచ్చినప్పుడల్లా శాంతి కోసం ఒక పీచ్ తింటానని డ్యూయేన్ ఒక ఇంటర్వ్యూలో సరదాగా అన్న మాటలోంచి ఆ పేరు తీశారు. ఏడాది తిరిగీ తిరక్కుండానే, 1972 నవంబరులో, బాస్ గిటారిస్టు బెర్రీ ఓక్లీ కూడా అక్కడికి దగ్గర్లోనే, మోటార్‌సైకిల్ మీదే, 24 ఏళ్లకే పోయాడు. ఈ యాదృచ్ఛికం పట్టుకుని బోలెడు కథలు అల్లారు. వాటి మీద పెట్టే టైములో సగం పాటల మీద పెడితే బాగుండును.

ప్రశ్న: మేము అట్లాంటా దగ్గర ఆల్ఫరెట్టాలో ఉంటాం. మేకన్ వెళ్తే చూడటానికేమైనా ఉందా? (అమెరికా)

జవాబు: మీకు పక్కూరే కదండీ. అట్లాంటా దాటి ఐ-75 మీద దక్షిణంగా గంటన్నర. బ్యాండ్‌వాళ్లు కాపురం ఉన్న బిగ్ హౌస్ ఇప్పుడు మ్యూజియం, వేళలు చూసుకుని వెళ్లండి. భోజనం హెచ్ అండ్ హెచ్‌లో. చేతిలో డబ్బుల్లేని రోజుల్లో ఈ కుర్రాళ్లు రెండు ప్లేట్లు చెప్పి అందరూ పంచుకుంటుంటే, యజమాని లూయీస్ హడ్సన్ తలా ఒక ప్లేటు పెట్టి పంపించింది. పేరొచ్చాక వాళ్లు ఆమెను తమతోపాటు టూర్‌కి తీసుకెళ్లారు. 2022లో చనిపోయేవరకూ ఊరందరికీ ఆమె మామా లూయీసే. డ్యూయేన్, ఓక్లీ సమాధులు రోజ్ హిల్ శ్మశానంలో పక్కపక్కనే ఉన్నాయి, 2017లో పోయిన గ్రెగ్‌ది కూడా అక్కడే. ఇందాకటి ఎలిజబెత్ రీడ్ పేరు కూడా ఆ శ్మశానంలో ఒక సమాధి రాయి మీద చూసి పెట్టిందే.

ప్రశ్న: ఒక్క ఆల్బమే వినే ఓపిక ఉంది. ఏది? (గుంటూరు)

జవాబు: ‘ఎట్ ఫిల్‌మోర్ ఈస్ట్’. 1971 మార్చిలో న్యూయార్క్‌లో జరిగిన కచేరీలు, టామ్ డౌడ్ నిర్మాత. ఫోన్ స్పీకర్లో వద్దు, హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, డ్యూయేన్ ఒక చెవిలో బెట్స్ ఇంకో చెవిలో వినిపిస్తారు. ముందు ‘స్టేట్స్‌బరో బ్లూస్’, నాలుగు నిమిషాల పైచిలుకే. అది నచ్చితేనే ‘విప్పింగ్ పోస్ట్’కి వెళ్లండి, అది ఇరవై నిమిషాలు దాటుతుంది, స్టవ్ మీద పాలు పెట్టి మొదలుపెట్టకండి.