డాక్టరుగారి బీరువాలకి ధర కట్టే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి నువ్వు ఫోన్ చేసినప్పుడు నిద్రొస్తోందని పెట్టేశాను కదా, అది నిజం కాదు. "తార్నాకలో ఒక పెద్ద డాక్టరుగారి ఇల్లు ఖాళీ చేస్తున్నారు మామయ్యా, నాలుగైదు వందల పుస్తకాలున్నాయి, సగం మెడికల్, మిగతావి ఫొటోగ్రఫీ, ఆర్టు. కిలో ఎంతకి మాట్లాడమంటావు?" అన్నావు. ఆ కిలో అన్న మాట దగ్గర నా నోరు పడిపోయింది. ఏదైనా అంటే కటువుగా వస్తుందని ఊరుకుని, తెల్లారి కూర్చుని ఇది రాస్తున్నాను.

కాటా మీద కొంటే నీకు లాభమే. ఆర్టు పేపరు బరువెక్కువ కాబట్టి ఆ ఇంటివాళ్లకి కూడా డబ్బు బాగానే వచ్చినట్టు అనిపిస్తుంది. కానీ ఆ బీరువాల్లో ఏముందో నీకూ తెలీదు, వాళ్లకీ తెలీదు. తెలీని ఇద్దరి మధ్య కుదిరిన బేరం ఎవరో ఒకరి గొంతు కోస్తుంది. కోఠిలో కొట్టు, ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాతు, ఇలా ముప్ఫై ఎనిమిదేళ్లు గడిపాను. ఆ కోత నాకూ పడింది, నేనూ వేశాను. రెండోదే ఇప్పటికీ గుర్తొస్తుంటుంది.

ముందు మెడికల్ వాటి సంగతి. అవి ఎక్కువ కాబట్టీ, వాటి దగ్గరే నువ్వు తప్పు చేస్తావు కాబట్టీ. మెడికల్ పుస్తకానికి పాల ప్యాకెట్ లాగే తేదీ ఉంటుంది. అట్ట నలగలేదు, లోపల గీతల్లేవు, ఎర్ర రిబ్బను కూడా ఉంది అని మురిసిపోకు. జనరల్ మెడిసిన్‌కి చదివే హారిసన్ ఇరవయ్యో ఎడిషన్ 2018లో వచ్చింది, ఇరవయ్యొకటోది 2022లో. కొత్తది కోఠిలో దిగిందంటే పాతది ఎంత తళతళలాడుతున్నా పిల్లలు ముట్టుకోరు. ప్రివెంటివ్ మెడిసిన్‌కి చదివే, పార్కు అనే రచయిత పుస్తకమైతే ఇంకా తొందరగా మారిపోతుంది. పైగా 2019 నుంచి ఎంబీబీఎస్ చెప్పే పద్ధతే మారింది. కాబట్టి డాక్టరుగారు చదువుకున్న రోజుల నాటి సర్జరీ పుస్తకం బెయిలీ అండ్ లవ్ ఉంటే అది జ్ఞాపకమే తప్ప సరుకు కాదు. అనాటమీ అట్లాసులు మాత్రం వేరు. మనిషి ఎముకలు ఎడిషన్ ఎడిషన్‌కీ మారవు కదా. మంచి బొమ్మలున్న అట్లాసు ఒకటి రెండు ఎడిషన్లు వెనకబడ్డా ఫస్టియర్ పిల్లలు కళ్లకద్దుకుని తీసుకుంటారు. చౌరాసియా అనాటమీ లాంటి సెట్లలో ఒక వాల్యూమ్ తప్పిందా, మిగిలినవి విడివిడిగా అమ్ముకోవాల్సిందే. ధర సగం కూడా రాదు.

ఇంకొకటి. డూప్లికేట్లు. మెడికల్ పుస్తకాల ఖరీదు వల్ల వాటికి దొంగ అచ్చులు ఎప్పుడూ ఉన్నాయి. అట్ట చూసి పోల్చలేవు. పాథాలజీ పుస్తకం తీసి గులాబీ, ఊదా రంగుల స్లైడు ఫొటోలున్న పేజీ తెరువు. అసలు దాంట్లో ఒక్కో కణం విడిగా, లోపలి చుక్కతో సహా కనిపిస్తుంది. దొంగదాంట్లో బీట్‌రూట్ రసం ఒలికినట్టుంటుంది. అలాంటిది డాక్టరుగారి ఇంట్లో ఉన్నా సరే, ఊరికే ఇచ్చినా సరే, తేవద్దు.

ఇప్పుడు నేను వేసిన కోత చెబుతాను. 2013 ప్రాంతంలో, పల్లెటూళ్లో వైద్యం చేసుకునే ఆర్‌ఎంపీ ఒకాయన కొట్టుకొచ్చి మందుల డోసుల పుస్తకం అడిగాడు. నా దగ్గర పదేళ్ల కిందటిది రెండు కాపీలున్నాయి. నలభై రూపాయలకి బేరమాడి ఒకటి పట్టుకెళ్లాడు. నేను సంతోషించాను, కదలని సరుకు కదిలిందని. పక్కనే పుస్తకాలు చూసుకుంటున్న మా పాత ఖాతాదారు, పిల్లల డాక్టరు, రెండో కాపీ తీసి నా ముందు పెట్టాడు. నిమెసులైడ్ దగ్గర పిల్లల డోసు ఉంది. పన్నెండేళ్ల లోపు పిల్లలకి ఆ మందు వాడకూడదని ప్రభుత్వం 2011లోనే ఆపేసింది. "ఆయన ఇది చూసే జ్వరానికి మందు రాస్తాడు" అన్నాడు. అంతే, ఇంకేం తిట్టలేదు. కొట్టు వదిలేసి ఇమ్లీబన్ దాకా పరిగెత్తాను. బస్సు వెళ్లిపోయింది. ఆయన ఊరు కూడా అడగలేదు నేను.

ఆ రోజు నుంచి మందుల పుస్తకాలు, చికిత్స పద్ధతుల పుస్తకాలు ఐదేళ్లు దాటితే తూకానికే వేశాను, అదీ అట్ట చింపి. నువ్వూ అదే చెయ్యి. మరీ పాతవి, చరిత్ర కోసం కొనేవాళ్లుంటారు, వాటి మొదటి పేజీలో పెన్సిల్‌తో "చదువుకోవడానికే, వైద్యానికి కాదు" అని రాసి పెట్టు. పెన్నుతో రాయకు. పాత పుస్తకం మీద పెన్ను పెట్టినవాడు ఈ వ్యాపారానికి పనికిరాడు.

మరీ పాతవి అన్నాను చూడు, అక్కడ లెక్క తిరగబడుతుంది. వైద్యంగా చచ్చిపోయిన పుస్తకం ఒక్కోసారి బొమ్మల పుస్తకంగా మళ్లీ పుడుతుంది. గ్రే అనాటమీ సంగతే చూడు. 1858లో మొదటిసారి అచ్చయింది. రాసిన హెన్రీ గ్రే మూడేళ్లకే మశూచితో పోయాడు. బొమ్మలు వేసిన హెన్రీ వాండైక్ కార్టర్ కూడా డాక్టరే, తర్వాత బొంబాయి వచ్చి అక్కడే చాలా ఏళ్లు పనిచేశాడు. ఆ బొమ్మల కోసం పాత ప్రతుల్ని వెతికేవాళ్లున్నారు. అయితే 1901 నాటి ప్రతిని అమెరికాలో 1970లలో చవగ్గా మళ్లీ అచ్చేసి లక్షణంగా అమ్మారు. టైటిలు పేజీ పాతదానిలాగే ఉంటుంది. దాన్ని చూసి వందేళ్ల పుస్తకమని గంతులేసినవాళ్లలో నేనూ ఒకణ్ని. కాగితం ముట్టుకుని చూడు, టైటిలు వెనక పేజీలో ఎవరు ఎప్పుడు అచ్చేశారో చదువు.

మన నేల మీద పుట్టిన అలాంటి పుస్తకాలు రెండున్నాయి, తెలిసి ఉండు. విలియం రాక్స్‌బర్గ్ అనే డాక్టరు సామర్లకోటలో ఉంటూ ఇక్కడి చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు వేయించాడు. అవి కోరమాండల్ తీరపు మొక్కలు అన్న పేరుతో 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా, మూడు వందల బొమ్మలతో లండన్‌లో వచ్చాయి. రంగులన్నీ చేత్తో అద్దినవే. అంతకుముందు విశాఖపట్నంలో ఉండి వెళ్లిన పాట్రిక్ రస్సెల్ మన పాముల మీద పెద్ద పుస్తకం 1796లో వేయించాడు. మన రక్తపింజరకి ఇంగ్లీషులో ఉన్నది ఆయన పేరే. ఇలాంటి పుస్తకాలు మొత్తంగా మన చేతికి రావు. బొమ్మలు కోసి ఫ్రేములు కట్టి విడిగా అమ్మేస్తారు కాబట్టి ఒక పాము బొమ్మో మొక్క బొమ్మో కన్సల్టింగ్ రూము గోడ మీద ఉంటే ఉండొచ్చు. నగల షాపువాళ్లు వాడే పదింతల భూతద్దం ఒకటి కొనుక్కో. దానితో చూసినప్పుడు చిన్న చిన్న చుక్కలు వరసలు తీరి కనిపిస్తే ఈ కాలపు అచ్చు. చుక్కల్లేకుండా రంగు అక్కడక్కడా గీత దాటి పాకి ఉంటే, ఇక ధర నువ్వు చెప్పకు. తెలిసినవాళ్లకి చూపించాలని ఇంటివాళ్లతో చెప్పు. వందేళ్లు దాటిన కళాఖండాలు దేశం దాటించడం చట్టం ఒప్పుకోదు. విదేశం నుంచి ఎవడో ఎక్కువిస్తానన్నాడని పార్సిల్ కట్టెయ్యకు.

ఆర్టు పుస్తకాలకి వస్తే, లెక్కపెట్టు. అంతే పని. ముందు పేజీల్లో బొమ్మల జాబితా ఉంటుంది, ఒక్కొక్కటీ ఉందో లేదో వేలు పెట్టి చూడు. విడిగా అచ్చేసి పైఅంచు మాత్రమే అంటించిన రంగుల బొమ్మలు పాత పుస్తకాల్లో ఉండేవి. పిల్లలు పీకేస్తారు, పెద్దవాళ్లు ఫ్రేము కట్టించుకుంటారు. ఒక్క బొమ్మ పోయినా పాత పుస్తకాలు సేకరించేవాడు కొనడు. విశాలాంధ్ర పుస్తకాల షాపుల్లో ఒకప్పుడు రష్యా పుస్తకాలతో పాటు లెనిన్‌గ్రాడ్‌లో అచ్చయిన ఆర్టు ఆల్బములు కూడా దొరికేవి. చాలా మంది డాక్టర్ల ఇళ్లలో ఇప్పటికీ ఉంటాయి. అప్పట్లో చవగ్గా వచ్చాయని చిన్నచూపు చూడకు. ఆ అచ్చు బాగుంటుంది, బొమ్మలు నేర్చుకునే పిల్లలు ఇష్టంగా కొంటారు. లలిత కళా అకాడెమీ వేసిన పల్చటి పుస్తకాలు, 1946లో మొదలైన మార్గ్ అనే ఆర్టు పత్రిక పాత సంచికలు కనబడితే పక్కన పెట్టు. పెద్ద పెద్ద కాఫీ టేబుల్ పుస్తకాలు మాత్రం నీ బీరువాని నింపుతాయి, గల్లా పెట్టెని నింపవు. కొరియర్ ఖర్చే పుస్తకం ధరంత అవుతుంది.

ఫొటోగ్రఫీ పుస్తకాల్లో రెండు జాతులు. ఫొటో తీయడం నేర్పేవి, ఫొటోలు చూపించేవి. నేర్పేవాటిలో కెమెరా మోడళ్ల మీదవన్నీ దండగ. కానీ ఫిల్ముతో మళ్లీ ఆడుకుంటున్న కుర్రాళ్లు ఈ మధ్య వస్తున్నారు. డార్క్‌రూము పుస్తకాలు, ముఖ్యంగా ఆన్సెల్ ఆడమ్స్ రాసిన కెమెరా, నెగెటివ్, ప్రింట్ అన్న మూడూ కలిపి దొరికితే అడిగి మరీ తీసుకుంటారు. చూపించేవాటిలో మొదటి ముద్రణే ప్రాణం. ఫ్రెంచి ఫొటోగ్రాఫరు కార్టియే బ్రెసాన్ ప్రసిద్ధమైన పుస్తకం 1952లో వచ్చింది, అట్ట మీద చిత్రకారుడు మతీస్ వేసిన బొమ్మతో. 2014లో అదే అట్టతో మళ్లీ వేశారు. రెండూ పక్కపక్కన పెడితే కొత్తవాడికి ఒకటే. ధరలో మాత్రం భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా. టైటిలు వెనక పేజీలో అంకెల వరస ఉంటుంది కొన్నింటిలో, ఉన్నవాటిలో అన్నిటికన్నా చిన్న అంకె ఎంతో అది ఎన్నో ముద్రణ అన్నమాట. పైన కాగితం జాకెట్ ఉంటే చిరిగినా పారెయ్యకు, సెల్లోటేపు అసలు వెయ్యకు. మొదటి ఏడాది నేను అందంగా కనబడాలని టేపులు వేసి ఎన్ని జాకెట్లు పాడు చేశానో మీ అత్తయ్యనడుగు.

పుస్తకం కాకుండా ఫొటోలు అంటించిన పాత ఆల్బమ్ దొరికితే ఆగు. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి ఆరో నిజాముకి ఆస్థాన ఫొటోగ్రాఫరైన రాజా దీన్‌దయాళ్ తీసినవి కూడా ఈ ఊళ్లో పాత ఇళ్లలో ఉండే అవకాశం లేకపోలేదు. ఫొటో కింది అంచున పేరు, నంబరు ఏమైనా ఉన్నాయేమో చూడు. పీకకు, తుడవకు. ఇంటివాళ్లకి చెప్పి మ్యూజియం వాళ్లకి చూపించమను.

ఆయన డాక్టరు కాబట్టి ఇంకో రకం ఆల్బమ్ కూడా ఉండొచ్చు. రోగుల ఫొటోలు. పుళ్లు, వాపులు, ఆపరేషన్‌కి ముందూ తర్వాతా. వెనక పేర్లు రాసి ఉంటాయి. వాటిని కొనేవాళ్లు ఉన్నారు, మంచి ధరే ఇస్తారు కూడా. నువ్వు మాత్రం ముట్టుకోకు. డాక్టరుగారి పిల్లల చేతిలో పెట్టి "ఇవి బయటికి పోకూడనివి" అని చెప్పు. పుస్తకాల మధ్య దొరికే ఉత్తరాలు, ప్రిస్క్రిప్షన్లు, డబ్బు కూడా అంతే. ఏ పేజీలో దొరికిందో చెప్పి మరీ ఇచ్చేయి. లైబ్రరీ ముద్ర ఉండి, తీసేసినట్టు రద్దు ముద్ర లేకపోతే ఆ పుస్తకం ఆ లైబ్రరీదే.

అన్నట్టు తడి. నువ్వు వెళ్లేది వానాకాలంలో. నున్నటి ఆర్టు పేపరు ఒక్కసారి తడిసి ఆరిందంటే పేజీలన్నీ అతుక్కుని ఇటుకైపోతుంది. విడదీయబోతే బొమ్మే లేచొస్తుంది. కింది అరలో ఉన్నవాటిని ముందు చూడు, పక్కనుంచి నొక్కి. ఇంకా తడిగానే ఉంటే పేజీల మధ్య బటర్ పేపరు పెట్టి ఫ్యాను కింద నిలబెట్టు, ఎండలో పెట్టకు. అటక మీదవాటికి చెదలు ఉంటాయి. అవి నీ కొట్టుకి తెచ్చుకుంటే నీ ఇతర సరుకు కూడా పోతుంది, బయటే దులిపి చూసి తీసుకో.

ధర ఎలా చెప్పాలంటావా. ఇంటర్నెట్‌లో ఎవడో లక్ష అని పెట్టాడంటే అది వాడి ఆశ. అమ్ముడుపోయిన ధర ఎంతో అది చూడు. నేను చేసేది ఇది: ఇంటివాళ్ల ముందే మూడు దొంతులు పెడతాను. తూకానికి పోయేవి, రోజూ అమ్ముడయ్యేవి, నాకు తెలియనివి. మొదటిదానికి తూకం ధరే. రెండోదానికి నేను అమ్మబోయేదాంట్లో మూడోవంతు, కొనేవాడు ముందే తెలిస్తే సగం. మూడో దొంతి కొనను. "అమ్మి పెడతాను, వచ్చినదాంట్లో ఇంత నాకివ్వండి" అని కాగితం మీద రాసిస్తాను. దాంతో చేతికి డబ్బు ఆలస్యంగా వస్తుంది. మీ అమ్మ అప్పుడు కూడా నన్ను అడిగింది, ఇలా అయితే ఇల్లెప్పుడు కడతావురా అని. కట్టలేదు.

ఆదివారం పొద్దున్నే వెళ్లు. ఆటోలో కాదు, ట్రాలీ మాట్లాడుకో. టార్చిలైటు, భూతద్దం, బటర్ పేపరు, పాత దుప్పట్లు తీసుకెళ్లు. వాళ్లు కాఫీ ఇస్తే పుస్తకాల దగ్గర తాగకు. డాక్టరుగారి కాలం నాటి యువ మాసపత్రికలు, దీపావళి సంచికలు బైండు చేయించి పెట్టుకునే అలవాటు చాలా మందికి ఉండేది. వడ్డాది పాపయ్య బొమ్మలు లోపల ఉంటే, కింద మూల "వ.పా." అని ఉంటుంది, అమ్మకానికి పెట్టే ముందు ఒక్కరోజు నా దగ్గరికి పట్టుకురా. చూసి ఇచ్చేస్తాను.

మీ మామయ్య