కార్నియా మార్పిడి అయ్యాక చుక్కల మందు మానొద్దు

చిరంజీవి మాధవికి ఆశీస్సులు.

ఎరుపు తగ్గింది, చూపు తేటపడింది, ఇక స్టెరాయిడ్ చుక్కలు మానేయొచ్చా అని అడిగావు. డాక్టరుగారు చెప్పందే ఒక్క పూట కూడా తగ్గించొద్దమ్మా.

పరాయి భాగాన్ని మన ఒళ్లు శత్రువనుకుని దాడి చేస్తుంది, దాన్నే తిరస్కరణ అంటారు. దాన్ని ఆపడానికి కిడ్నీ మార్చినవాళ్లు రోజూ మాత్రలు మింగాల్సిందే. కంటి ముందుండే పారదర్శక పొర కార్నియాకు మాత్రం చాలామందికి చుక్కలే సరిపోతాయి. అది కంటి గొప్పతనం. అర మిల్లీమీటరు మందమున్న ఆ పొరలో రక్తనాళాలు లేవు, దాడిచేసే తెల్ల రక్తకణాలకు దారి దొరకదు. ఎలాగో వచ్చిన వాటిని ఫాస్ లైగాండ్ అనే ప్రొటీను చంపేస్తుంది. కార్నియా వెనకున్న నీటిలోని టీజీఎఫ్ బీటా అనే మరో ప్రొటీను మిగతావాటి దూకుడు తగ్గిస్తుంది. పీటర్ మెడవార్ అనే శాస్త్రవేత్త 1948లో కుందేళ్ల మీద ఇదే చూపించాడు: కంట్లో పెట్టిన పరాయి చర్మం, అందులోకి రక్తనాళాలు చొరబడనంతకాలం బతికింది.

నీ కంట్లో ఆ నాళాలకు దారి చూపేది ఆపరేషన్‌లో వేసి వదులైన కుట్టు. నలక పడ్డట్టు గుచ్చుకుంటే నలపకు, నీళ్లు కొట్టకు, అదే రోజు వెళ్లి ఆ కుట్టు తీయించుకో.

సీసాను ప్రతిసారీ బాగా కుదుపు. అందులోని స్టెరాయిడ్ మందు ప్రెడ్నిసొలోన్ అసిటేట్ తెల్లగా అడుగున పేరుకుంటుంది, కుదపకపోతే పడేది ఉత్త నీళ్లే. ఒక్క చుక్క చాలు, రెండోది చెంప మీదికే జారుతుంది. వేశాక కళ్లు మూసి, ముక్కువైపు మూలను వేలితో రెండు నిమిషాలు నొక్కు, మందు గొంతులోకి దిగదు. ఇంకో మందు ఉంటే ఐదు నిమిషాలు ఆగి వెయ్యి. ఈ మందుతో కంటి ప్రెషర్ నొప్పి లేకుండానే పెరగొచ్చు, అందుకే బాగున్నా చెకప్ మానకూడదు.

రోజూ పొద్దున రెండో కన్ను మూసి, ఒకే చోట నిలబడి గోడమీది క్యాలెండర్ చూడు. అంకెలు మసకబారినా, కన్ను ఎర్రబడినా, వెలుతురు భరించలేకపోయినా, నొప్పి వచ్చినా ఆ రోజే చూపించు. కళ్లకలక అనుకుని మందులషాపులో చుక్కలు కొనుక్కుని రోజులు గడిపేవాళ్లే ఎక్కువ నష్టపోతారు. కార్నియాలో చేరిన నీటిని బయటికి తోడేవి లోపలిపొర కణాలు. తిరస్కరణలో అవి చస్తే మళ్లీ పుట్టవు, పొర ఉబ్బి తెల్లబడిపోతుంది. తొలిదశలో పట్టుకుంటే గంటకోసారి చుక్కలు వేసి చాలాసార్లు కాపాడగలరు. ఏళ్లు గడిచాకా తిరస్కరణ రావచ్చు, కాబట్టి ఈ క్యాలెండర్ పరీక్ష ఎప్పటికీ మానకు.

ఆస్పత్రికి ఫోన్ చేస్తే మొదటి మాటగా కార్నియా మార్పిడి జరిగిన కన్ను అని చెప్పు. చేతిలో సీసా అయిపోకముందే ఇంకోటి తెచ్చిపెట్టుకో.

మీ పెదనాన్న