వేర్ లేని అప్‌డేట్, తెరిచి చూడని బ్యాకప్

ప్రశ్న: హైదరాబాద్‌లోని ఒక చిన్న సంస్థలో మూడేళ్లుగా డెవలపర్‌గా పనిచేస్తున్నాను. డీబీఏ (డేటాబేస్‌ను చూసుకునే ఉద్యోగి) మానేయడంతో డేటాబేస్ బాధ్యత కూడా నాకే అప్పగించారు. గత వారం మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో ఒక కస్టమర్ చిరునామా మార్చబోయి, ఏ వరుసలు మార్చాలో చెప్పే వేర్ షరతు రాయకుండానే, డేటాను మార్చే అప్‌డేట్ ఆజ్ఞను నడిపాను. టేబుల్‌లో అందరి చిరునామాలూ ఒకటే అయిపోయాయి. రాత్రి తీసిన బ్యాకప్ ఉండబట్టి గట్టెక్కాను. ఈ పనికి ముందుగా ఏం నేర్చుకోవాలి?

జవాబు: ముందుగా రీస్టోర్ చేయడం నేర్చుకోండి. బ్యాకప్ తీయడం స్క్రిప్టు చూసుకుంటుంది కానీ, ఆ ఫైలు నుంచి డేటాబేస్‌ను తిరిగి నిలబెట్టడం మాత్రం మీ చేతికి అలవాటు కావాలి. ఈసారి మీ బ్యాకప్ పనిచేసింది. పనిచేయకపోతే ఏమవుతుందో 2017 జనవరి 31న, ప్రోగ్రాముల కోడ్‌ను భద్రపరిచే గిట్‌ల్యాబ్ సంస్థకు ఎదురైంది, ఆ వివరాలన్నీ ఆ సంస్థే దాచకుండా బయటపెట్టింది. ప్రధాన సర్వర్‌కు నకలుగా నడుస్తూ వెనుకబడిపోయిన రెప్లికా సర్వర్‌ను మళ్లీ నింపే ప్రయత్నంలో ఒక ఇంజనీరు, రెప్లికాలో తుడిచేయవలసిన డైరెక్టరీని పొరపాటున ప్రధాన సర్వర్‌లో తుడిచేశారు. గుర్తించి ఆపేసరికి సుమారు 300 జీబీ డేటాలో 4.5 జీబీ మాత్రమే మిగిలింది. సరే, బ్యాకప్ ఉంది కదా అని చూస్తే అదీ లేదు. సర్వర్‌లోని డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్ 9.6 అయితే, డంప్ (డేటా మొత్తాన్ని ఫైలుగా తీసిన కాపీ) తీసే ప్రోగ్రాం 9.2ది కావడంతో డంప్‌లు విఫలమవుతూ వచ్చాయి. ఆ సంగతి చెప్పవలసిన ఈమెయిళ్లను మెయిల్ సర్వర్ తిరస్కరించడంతో ఎవరికీ తెలియలేదు. చివరికి ఆరు గంటల ముందు ఒకరు చేత్తో తీసి ఉంచిన స్నాప్‌షాట్ (డేటాకు ఆ క్షణపు నకలు) ఆదుకుంది. ఆ ఆరు గంటల్లో చేరిన డేటా మాత్రం పోయింది.

కాబట్టి నెలకు ఒకసారైనా మీ బ్యాకప్‌ను వేరే మెషీన్‌లో రీస్టోర్ చేసి, ముఖ్యమైన టేబుళ్లలో వరుసల లెక్క సరిచూసి, మొత్తం ఎంత సేపు పట్టిందో రాసి పెట్టుకోండి. సర్వర్ పడిపోయిన రోజున మీ మేనేజర్ అడిగే మొదటి ప్రశ్న అదే. ఇక మీ ఉత్తరంలో లేని విషయం ఒకటి అడగాలి: రాత్రి బ్యాకప్‌ను రీస్టోర్ చేశాక, ఆ ఉదయం నుంచి వచ్చిన ఆర్డర్లు ఏమయ్యాయి? డేటాలో జరిగే మార్పులను రాసిపెట్టే బైనరీ లాగ్ నడుస్తూ ఉంటే, బ్యాకప్ తర్వాత జరిగిన మార్పులన్నిటినీ, మీ తప్పుడు అప్‌డేట్‌కు సరిగ్గా ముందు క్షణం దాకా, తిరిగి నడిపించవచ్చు. మైఎస్‌క్యూఎల్ 8.0లో అది మొదటి నుంచీ ఆన్‌లోనే ఉంటుంది, పాత వెర్షన్లలో మీరే ఆన్ చేయాలి. ఆ లాగ్ ఫైళ్లను వేరే చోటికి కాపీ చేయడం మరవకండి.

అప్‌డేట్ విషయానికి వస్తే, మొదట అదే వేర్ షరతుతో, డేటాను చూపించే సెలెక్ట్ రాసి ఎన్ని వరుసలు వస్తున్నాయో చూడండి. తర్వాత స్టార్ట్ ట్రాన్సాక్షన్ ఇచ్చి అప్‌డేట్ నడపండి, అప్పుడు మీరు ఖాయం చేసేదాకా మార్పును వెనక్కి తీసుకోవచ్చు. ఒక్క వరుస మారాల్సిన చోట 48,000 వరుసలు మారాయని తెర మీద కనబడితే, మార్పును రద్దు చేసే రోల్‌బ్యాక్ అన్న ఒక్క మాటతో బయటపడతారు. లెక్క సరిపోతేనే కమిట్, అంటే ఖాయం చేయడం. మైఎస్‌క్యూఎల్‌లో ఆటోకమిట్ (దానంతట అదే కమిట్ కావడం) మామూలుగా ఆన్‌లో ఉంటుంది గనుక, ట్రాన్సాక్షన్ తెరవకుండా నడిపిన ప్రతి ఆజ్ఞా అప్పటికప్పుడే ఖాయమైపోతుంది. ట్రాన్సాక్షన్ తెరిచి ఉంచి టీకి వెళ్లకండి, మీరు తాళం వేసిన వరుసల కోసం అవతల అప్లికేషన్ ఎదురుచూస్తూ ఉంటుంది. సేఫ్ అప్‌డేట్స్ అనే ఆప్షన్‌తో క్లయింట్‌ను తెరిస్తే, కీ (వరుసలను వెతకడానికి పెట్టిన కాలమ్) మీద షరతుగానీ, వరుసల సంఖ్యకు లిమిట్‌గానీ లేని అప్‌డేట్‌ను సర్వరే తిప్పికొడుతుంది. టేబుల్ నిర్మాణాన్ని మార్చే ఆల్టర్, టేబుల్‌ను ఖాళీ చేసే ట్రంకేట్ వంటివి మాత్రం మైఎస్‌క్యూఎల్‌లో రోల్‌బ్యాక్‌కు లొంగవు.

డేటా చూడటానికి రీడ్ ఓన్లీ లాగిన్ ఒకటి, మార్చడానికి వేరొకటి పెట్టుకోండి. అప్లికేషన్ వాడే యూజర్‌కు డ్రాప్ (టేబుల్‌నే తొలగించే) హక్కు అక్కరలేదు.

ప్రశ్న: ఒరాకిల్ డేటాబేస్‌లో పేరు కాలమ్‌ను వర్‌చార్2 (20)గా, అంటే 20 పొడవు దాకా పట్టే పాఠ్యంగా పెట్టాను. ‘లక్ష్మి’ అని తెలుగులో ఇస్తే విలువ పెద్దదైందని ఓఆర్ఏ-12899 ఎర్రర్ వస్తోంది. ఇంత చిన్న పేరుకా?

జవాబు: కంటికి రెండే అక్షరాలు. యూనికోడ్‌లో మాత్రం ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి కలిపి ఏడు సంకేతాలు. ఆ సంకేతాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్కటి 3 బైట్లు, అంటే మొత్తం 21. ఒరాకిల్ ఏమీ చెప్పకపోతే 20 అన్న సంఖ్యను బైట్లుగా లెక్కిస్తుంది. సంకేతాల లెక్కన కావాలంటే 20 చార్ అని రాయండి, కానీ తెలుగు పేర్లకు అది కూడా చాలదు, 100 చార్ ఇవ్వండి. మైఎస్‌క్యూఎల్ వాడేవారికి చిక్కు మరోచోట ఉంది. అక్కడి పాత యూటీఎఫ్8 మూడు బైట్ల దాకానే పడుతుంది, తెలుగు సరిగ్గా అందులో ఇమిడిపోవడంతో అంతా బాగుందనిపిస్తుంది, తీరా ఎవరైనా పేరు పక్కన ఎమోజీ పెట్టిన రోజున నాలుగో బైటు దగ్గర ఆగిపోతుంది. కొత్త టేబుళ్లన్నిటినీ యూటీఎఫ్8ఎంబీ4తోనే సృష్టించండి.