కార్లోవి వారికి కెమెరాతో వెళ్తున్న అమ్మలుకి

అమ్మలూ,

నీ మెసేజ్ చూశాను. క్రిస్మస్ సెలవుల్లో డ్రెస్డెన్ నుంచి చెక్ దేశంలోని కార్లోవి వారి ఊరికి వెళ్తున్నానని రాశావు. మీ పెద్దమ్మకి చదివి వినిపిస్తే "కార్లోవి వారా? మనకేమైనా చుట్టాలా?" అంది. నేను రెండుసార్లు వెళ్లొచ్చినా ఆవిడ లెక్కలో అది ఎవరో జమీందారు గారి ఇల్లే.

ఏ లెన్స్ పట్టుకెళ్లాలని అడిగావు. అది తర్వాత చూద్దాం. ముందు ఆ ఊళ్లో జనం ఏం చేస్తారో తెలుసుకో. వేడినీటి ఊటల ఊరనగానే అందరూ స్నానాలే అనుకుంటారు. అక్కడ నీకు ఎక్కువగా కనిపించేది మాత్రం నీళ్లు తాగడం, తాగుతూ నడవడం. ఒకప్పుడు స్నానమే వైద్యం. గంటల తరబడి, చర్మం పగిలేదాకా తొట్లలో కూర్చునేవాళ్లు. 1522లో వాత్స్లావ్ పాయర్ అనే వైద్యుడు ఈ నీళ్ల మీద పుస్తకం రాసి, తాగడం కూడా మంచిదన్నాడు. పోనుపోను తాగడానిదే పైచేయి అయింది. తాగినవాళ్లు మెల్లగా నడవాలి. వాన పడితే ఎక్కడ నడుస్తారు? అందుకే పొడవాటి స్తంభాల మండపాలు కట్టారు. కొలొనేడ్ అంటారు. అవి గొడుగులమ్మా! మనుషులు లేకుండా వాటిని ఫోటో తీయడమంటే ముడిచిన గొడుగుని తీసినట్టే.

మొదటిసారి నేను చేసింది సరిగ్గా ఆ తప్పే. మిల్ కొలొనేడ్‌కి 124 స్తంభాలు. యోసెఫ్ జీటెక్ అనే ఆయన గీసిన నమూనా, 1881 నాటికి పూర్తయింది. పైన పన్నెండు నెలలకీ పన్నెండు విగ్రహాలు. తెల్లారకముందే వెళ్లి, మనిషన్నవాడు లేకుండా నలభై ఫోటోలు తీసుకొచ్చాను. ఇంటికొచ్చి చూస్తే అన్నీ పోస్టుకార్డులే. ఒక్కదానిలో మాత్రం ఒక ముసలాయన అడ్డం వచ్చాడు, మఫ్లర్ చుట్టుకుని, గిన్నెలోకి చూస్తూ. ఇప్పుడు మన హాల్లో ఉన్న ఫోటో అదే.

ఆ గిన్నె గురించి చెప్పాలి. పింగాణీది, దాని పిడే గొట్టం. పిడి కొసని నోట్లో పెట్టుకుని కొంచెం కొంచెంగా పీలుస్తారు. చూడగానే మన ఉగ్గుగిన్నె గుర్తొచ్చింది నాకు. పెద్దవాళ్లంతా కోట్లు వేసుకుని, ఉగ్గుగిన్నెలు పట్టుకుని ఊరంతా తిరుగుతుంటే ఎలా ఉంటుందో ఊహించు. ముఖాలు తీయడానికి మొహమాటమైతే చేతులు తియ్యి. చలికి ఎర్రబడ్డ వేళ్లు, గిన్నె, దానిలోంచి లేచే ఆవిరి చాలు. ముఖమే కావాలంటే గిన్నె చూపించి, కెమెరా చూపించి, కళ్లతో అడుగు. చాలామంది నవ్వుతారు. తల అడ్డంగా ఊపితే వదిలెయ్. వాళ్లలో డాక్టరు రాసిచ్చిన ప్రకారం తాగడానికి వచ్చిన రోగులు కూడా ఉంటారు.

నువ్వు మాత్రం ఎక్కువ తాగకు. నేను ఫోటోల ఉత్సాహంలో మిల్ కొలొనేడ్‌లోని ఐదు ఊటలూ రుచి చూశాను. వేడిగా, ఉప్పగా, కాస్త ఇనుము వాసన. ఆ నీళ్లలో విరేచనాలు చేసే లవణం ఉందని తెలిసేటప్పటికి సాయంత్రమైంది. ఆ పూట హోటల్ గది దాటలేదు.

డిసెంబరు మంచి కాలమే. చలి ఎంత ఉంటే ఆవిరి అంత కనిపిస్తుంది. అయితే ఆ ఊరు ఇరుకు లోయలో ఉంది. ఎండ ఆలస్యంగా దిగి, నాలుగింటికల్లా వెళ్లిపోతుంది. ఆవిరి తీసేటప్పుడు వెలుతురు దానికి వెనకనుంచో పక్కనుంచో రావాలి, వెనకాల నల్లటిదేదైనా ఉండాలి: చెట్లు, నీడలో ఉన్న గోడ, ఎవరిదో నల్ల కోటు. తెల్ల స్తంభాల ముందు ఆవిరి తీస్తే ఏమీ పడదు. షట్టర్ వేగం సెకనులో 250వ వంతు దగ్గర పెడితే పొగ మెలికలు నిలుస్తాయి. నెమ్మదిగా తీస్తే దూదిలా అయిపోతుంది, నాకది నచ్చదు.

అన్నిటికన్నా పెద్ద ఊట వ్రీద్లో. 73 డిగ్రీల నీళ్లు, నిమిషానికి దాదాపు 2,000 లీటర్లు, 12 మీటర్ల ఎత్తుదాకా ఎగజిమ్ముతుంది. నీళ్లలోని గ్యాస్ తోస్తుంటుంది కాబట్టి ఒకే ఎత్తున ఉండదు, ఊపిరి తీసినట్టు పైకీ కిందకీ ఆడుతుంది. కాసేపు కెమెరా దించి ఆ లయ చూడు, ఆ తర్వాతే నొక్కు. దాని చుట్టూ ఉన్నది 1975 నాటి గాజు, కాంక్రీటు కట్టడం. పాతకాలపు ఇనుప మండపాన్ని నాజీలు యుద్ధకాలంలో కరిగించడానికి విప్పి తీసుకెళ్లారు. చాలామంది ఈ కాంక్రీటుని ఫ్రేములోంచి తప్పిస్తారు. నువ్వు తప్పించకు, అది కూడా ఆ ఊరి కథే.

చలిలోంచి ఆ హాల్లోకి అడుగు పెట్టగానే లెన్స్ మీద చెమ్మ పట్టేస్తుంది. బయటే కెమెరాని జిప్ కవర్లో పెట్టి మూసెయ్, లోపలికెళ్లాక అరగంట ఆగి తియ్యి. అక్కడ లెన్స్ మార్చావంటే చెమ్మ లోపలికే పోతుంది. లెన్స్ ముందు బిగించే గాజు, యూవీ ఫిల్టర్, తప్పనిసరి. తుంపర ఎండితే బోరు నీళ్లు కాచిన గిన్నెకు పట్టినట్టు తెల్ల పొర కడుతుంది. నా ఫిల్టర్ ఒకటి అలాగే పోయింది. ఈ నీళ్లలో కాగితం పువ్వు పెడితే కొన్నాళ్లకి రాయిపొర కప్పేస్తుంది, వాటినే ఊరంతా అమ్ముతారు. బ్యాటరీలు లోపలి జేబులో పెట్టుకో, చలికి దిగిపోతాయి. లెన్స్ అంటావా, 35 ఎం.ఎం.ది ఒక్కటి చాలు.

స్నానాల గదుల్లోకి మాత్రం కెమెరా తీసుకెళ్లకు, అనుమతి ఉందన్నా సరే. 1991 గోదావరి పుష్కరాల్లో కోటిలింగాల రేవులో ఫిల్ము మీద ఫిల్ము తీశాను. ఒక రోలు కడిగి చూస్తే, తడి చీరతో గట్టెక్కుతున్న ఒకావిడ నేరుగా నా వైపు చూస్తోంది. ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది. ఆ నెగెటివ్ అప్పుడే కత్తిరించేశాను. 2003లో రేవు మెట్ల మీద చెప్పులు, చెంబులు, తడి అడుగులు తీసుకుని ఊరుకున్నాను. జనం తిరిగి తిరిగి అడిగి చూసేది ఆ ఫోటోలనే.

మధ్యాహ్నం ప్రఖ్యాత పుప్ హోటల్ వెనక నుంచి డయానా గోపురానికి రోప్ రైలు ఎక్కు, 1912 నాటిది. పైనుంచి చూస్తే ఊరు లోయలో ఎలా ఇరుక్కుందో తెలుస్తుంది. బీథోవెన్ వచ్చాడు, గోథే వచ్చాడు అని ఊళ్లో ఎక్కడికక్కడ ఫలకాలుంటాయి. చదువుకో, ఫోటోలు అక్కర్లేదు. 2021లో యునెస్కో గుర్తించిన పదకొండు స్నాన పట్టణాల్లో ఇదొకటి కాబట్టి పగలు బస్సులు బాగానే దిగుతాయి. తెప్లా నది ఒడ్డున వ్రీద్లో దగ్గర గోడలు ఇటుక రంగు తిరిగి, నీళ్ల మీద పొగ తేలుతూ ఉంటుంది. బస్సులు రాకముందే అక్కడికెళ్లు. రెండుసార్లూ నాకు ఎదురుగాలే, పొగంతా నా వైపే కొట్టింది. నీకు దొరికితే వాట్సాప్‌లో కాకుండా అసలు ఫైల్ మెయిల్ చెయ్యి.

మీ పెద్దమ్మ ఉగ్గుగిన్నె ఒకటి తెమ్మంటోంది. పిడి విరగకుండా సాక్సులో చుట్టి తీసుకురా.

ఆశీస్సులతో,
పెదనాన్న